కారు లైట్ల బల్బులు: వాటేజీ ఎంపిక

కారులోని ప్రతి బల్బుకూ తయారీదారు ఒక రకాన్ని, ఒక వోల్టేజీని, ఒక వాటేజీని నిర్ణయించి ఉంటాడు. బల్బు మాడిపోయినప్పుడు ఈ మూడూ కలిసిన బల్బునే తిరిగి వేయాలన్నది మూలసూత్రం. హెడ్‌లైటు మసకగా ఉందనిపించగానే ఎక్కువ వాట్ల బల్బు అడగడం చాలామందికి అలవాటు. కానీ వాటు వెలుతురుకు కొలత కాదు. బల్బు ఎంత విద్యుత్తు తీసుకుంటుందో అది చెబుతుంది. ఆ భారాన్ని మోయవలసినవి వైరు, స్విచ్చు, ఫ్యూజు, హోల్డరు, ప్రతిఫలకం. వాటన్నిటినీ ఒక లెక్క ప్రకారం తయారుచేశారు కాబట్టి ఆ లెక్క దాటినా, దానికి బాగా తగ్గినా వాహనానికీ, దారిన పోయేవారికీ ప్రమాదమే.

వాటు, వెలుతురు

విద్యుత్ సామర్థ్యం అంటే వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేది. దాని ప్రమాణం వాటు. 12 వోల్టుల కారులో 55 వాట్ల బల్బు సుమారు 4.6 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 60 వాట్ల బల్బు 5 ఆంపియర్లు, 100 వాట్లది 8.3 ఆంపియర్లు తీసుకుంటాయి. బల్బు వెదజల్లే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. ఈ రెండు కొలతలకూ స్థిరమైన నిష్పత్తి లేదు.

ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం వాహనాల ఫిలమెంటు బల్బుల కోసం రూపొందించిన 37వ నిబంధనలోని అంకెలు చూస్తే ఇది తేటపడుతుంది. హెచ్4 బల్బులో డిమ్ ఫిలమెంటు 55 వాట్లది, దాని వెలుతురు సుమారు 1000 ల్యూమెన్లు. హెచ్11 బల్బు కూడా 55 వాట్లదే, అది సుమారు 1350 ల్యూమెన్లు ఇస్తుంది. అదే 55 వాట్లకు హెచ్7 ఇచ్చేది సుమారు 1500 ల్యూమెన్లు. మూడింటి వాటేజీ ఒకటే అయినా వెలుతురు ఒకటి కాదు. హెచ్4లో డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఎదుటివారి కళ్లలో వెలుగు పడకుండా అది కొంత కాంతిని అడ్డుకుంటుంది. వెలుతురు తక్కువగా లెక్కకు రావడానికి ముఖ్య కారణం అదే. ఇక డీ2ఎస్ రకం జెనాన్ బల్బు 35 వాట్లకే సుమారు 3200 ల్యూమెన్లు ఇస్తుంది.

వెలుతురును వోల్టేజీ ఇంకా గట్టిగా శాసిస్తుంది. ఫిలమెంటు బల్బుల్లో వెలుతురు, వోల్టేజీకి సుమారు 3.4వ ఘాతంగా మారుతుందని స్థూల సూత్రం. అంటే బల్బుకు చేరే వోల్టేజీ 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. అదే వోల్టేజీ 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు వ్యవస్థలో వోల్టేజీ 13.5 నుంచి 14.5 దాకా ఉంటుంది. అందుకే బల్బులను పరీక్షించేటప్పుడు 12 వోల్టులు కాక 13.2 లేదా 13.5 వోల్టులు ఇస్తారు. 60/55 అని రాసి ఉన్న హెచ్4 బల్బు 13.2 వోల్టుల దగ్గర 75/68 వాట్ల దాకా తీసుకోవచ్చని నిబంధన అనుమతిస్తుంది. బల్బు మీద కనిపించే అంకె నామమాత్రపు విలువ మాత్రమే.

చరిత్ర

తొలి మోటారు వాహనాలకు నూనె దీపాలు, ఎసిటిలిన్ వాయుదీపాలు ఉండేవి. 1912 నమూనా క్యాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరు, విద్యుత్ దీపాలు ఒకే వ్యవస్థగా వచ్చాక బల్బుల వాడకం ఊపందుకుంది. 1920ల మధ్యలో జర్మనీకి చెందిన ఓస్రామ్ సంస్థ ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు అమర్చి బైలక్స్ పేరుతో తెచ్చింది. ఎదురుగా బండి వచ్చినప్పుడు డిమ్, ఖాళీ రోడ్డు మీద బ్రైట్ అనే ఏర్పాటు దానితో సులువైంది. అమెరికాలో 1940 నుంచి అద్దం, ప్రతిఫలకం, ఫిలమెంటు అన్నీ కలిపి మూసేసిన సీల్డ్ బీమ్ దీపాలు ప్రమాణమయ్యాయి. వాటిలో ఫిలమెంటు పోతే దీపం మొత్తాన్ని మార్చవలసి వచ్చేది.

పెద్ద మలుపు హాలోజన్ బల్బు. దీనికి 1959లో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ పేటెంటు పొందింది. వేడికి ఆవిరైన టంగ్‌స్టన్, బల్బులోని హాలోజన్ వాయువుతో కలిసి మళ్లీ ఫిలమెంటు దగ్గరికే చేరుతుంది. గాజు నల్లబడదు, ఫిలమెంటును మరింత వేడిగా మండించవచ్చు. అదే వాటేజీకి ఎక్కువ వెలుతురు రావడం ఇలా సాధ్యమైంది. వాహనాల కోసం హెచ్1 బల్బు 1962లో ఐరోపాలో వచ్చింది. రెండు ఫిలమెంట్ల హెచ్4 బల్బు 1971లో వచ్చింది. జెనాన్ దీపాలు 1991లో బీఎమ్‌డబ్ల్యూ 7 శ్రేణి కార్లలో, ఎల్ఈడీ డిమ్ లైట్లు 2007లో లెక్సస్ ఎల్ఎస్ 600హెచ్ కారులో అడుగుపెట్టాయి. ఈ చరిత్రలో వెలుతురు పెరుగుతూ వచ్చింది కానీ వాటేజీ అదే పాళ్లలో పెరగలేదు. జెనాన్‌తో అది తగ్గింది కూడా.

ఏ లైటుకు ఎంత వాటేజీ

కారు నమూనాను బట్టి తేడాలుంటాయి. అయినా 12 వోల్టుల కార్లలో తరచుగా కనిపించే విలువలు ఇవి.

హెడ్‌లైటు: రెండు ఫిలమెంట్ల హెచ్4 అయితే బ్రైట్‌కు 60, డిమ్‌కు 55 వాట్లు. డిమ్, బ్రైట్ వేర్వేరు బల్బులుగా ఉన్న కార్లలో హెచ్7, హెచ్1, హెచ్11 రకాలు వాడతారు. ఇవి 55 వాట్లవి. హెచ్‌బీ3 రకం 60 వాట్లు, హెచ్‌బీ4 రకం 51 వాట్లు.

ఫాగ్ లైటు: హెచ్8 అయితే 35 వాట్లు, హెచ్11 లేదా హెచ్3 అయితే 55 వాట్లు, హెచ్16 అయితే 19 వాట్లు.

ఇండికేటరు: 21 వాట్లు. అద్దం రంగులేనిదైతే బల్బే కాషాయం రంగులో ఉంటుంది.

బ్రేక్ లైటు, వెనుక లైటు: రెండూ ఒకే బల్బులో ఉంటే 21/5 వాట్లు. బ్రేకు తొక్కినప్పుడు 21, మామూలుగా 5. విడిగా ఉంటే బ్రేక్ లైటుకు 21, వెనుక లైటుకు 5 వాట్లు.

రివర్స్ లైటు: సాధారణంగా 21 లేదా 16 వాట్లు.

పార్కింగ్ లైటు, నంబరు ప్లేటు లైటు: 5 వాట్లు.

కారు లోపలి లైటు: 5 లేదా 10 వాట్లు. రెండు చివర్లా కొనలున్న గొట్టం లాంటి బల్బు వీటిలో ఎక్కువ.

లారీలు, బస్సులు చాలావరకు 24 వోల్టులవి. వాటికి హెచ్4 బల్బు 75/70 వాట్లు, హెచ్7 బల్బు 70 వాట్లు ఉంటాయి. 24 వోల్టుల బల్బును కారులో వేస్తే ఎర్రగా, మసకగా వెలుగుతుంది. 12 వోల్టుల బల్బును లారీలో వేస్తే వెంటనే మాడిపోతుంది. అందుకే వాట్ల కన్నా ముందు వోల్టులు చూడాలి.

బల్బు మీది రాత, బల్బు పాదం

సరైన బల్బు ఏదో తెలుసుకోవడానికి మూడు చోట్లు చూడవచ్చు. మొదటిది కారుతో వచ్చిన యజమాని పుస్తకం. అందులో ఏ లైటుకు ఏ రకం బల్బో పట్టిక ఉంటుంది. రెండోది లైటు గూడు మీద లేదా హోల్డరు మీద అచ్చొత్తిన గుర్తులు. మూడోది పాత బల్బు పాదం మీది రాత. అయితే మూడో ఆధారాన్ని ఒంటరిగా నమ్మకూడదు. అంతకుముందు ఎవరైనా తప్పు బల్బు వేసి ఉంటే, దాన్ని చూసి కొన్నదీ తప్పే అవుతుంది.

హెచ్4 12వి 60/55డబ్ల్యు అని రాసి ఉంటే మొదటిది బల్బు రకం, రెండోది వోల్టేజీ, మూడోది రెండు ఫిలమెంట్ల వాటేజీలు. గీతకు ముందున్నది బ్రైట్, తర్వాతది డిమ్. పి21/5డబ్ల్యు బల్బులో ముందున్న 21 బ్రేకుకు, 5 వెనుక లైటుకు చెందుతాయి. గుండ్రని గీత లోపల ఇంగ్లీషు E అక్షరం, పక్కన ఒక అంకె ఉంటే ఆ బల్బు ఐరోపా నిబంధనల ప్రకారం ఆమోదం పొందిందని అర్థం. అంకె ఆమోదించిన దేశాన్ని తెలుపుతుంది. 1 అంటే జర్మనీ.

బల్బు పాదం ఆకారం కొంతవరకు పొరపాటును అడ్డుకుంటుంది. హెచ్8, హెచ్9, హెచ్11, హెచ్16 చూడడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. వాటి వాటేజీలు వరుసగా 35, 65, 55, 19. ఒకదాని స్థానంలో ఇంకొకటి దూరకుండా పాదం చుట్టూ ఉన్న చెవులను వేర్వేరుగా పెట్టారు. కొందరు ఆ చెవులను ఆకురాయితో అరగదీసి బల్బును దూరుస్తారు. అలా తొలగిపోయేది ఒక ప్లాస్టిక్ ముక్క మాత్రమే కాదు, వాటేజీ తప్పకుండా కాపాడే కంచె.

అన్నిచోట్లా ఈ కంచె లేదు. 5, 10, 21 వాట్ల గుండ్రని బల్బులు మూడింటికీ 15 మిల్లీమీటర్ల పాదం ఒకటే. ఒకే హోల్డరులో మూడూ దూరతాయి. 60/55 వాట్ల హెచ్4 పాదంతోనే 100/90 వాట్ల బల్బులూ బజారులో దొరుకుతాయి. హోల్డరులో సరిగ్గా కూర్చున్నంత మాత్రాన బల్బు సరైనదని అనుకోవడానికి లేదు. 21/5 బల్బు పాదానికి ఉన్న రెండు మేకులు ఒకే ఎత్తులో ఉండవు. బల్బును తిరగేసి పెడితే బ్రేకు, వెనుక లైటు ఫిలమెంట్లు తారుమారవుతాయి కనుక ఆ ఏర్పాటు. బల్బు సులువుగా తిరగకపోతే బలవంతం చేయకుండా సగం చుట్టు తిప్పి పెట్టి చూడాలి.

ఎక్కువ వాట్లు వేస్తే

మొదటి దెబ్బ వైరుకు తగులుతుంది. వైరులో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 55 వాట్ల చోట 100 వాట్ల బల్బు వేస్తే కరెంటు 1.8 రెట్లవుతుంది, వైరులో వేడి మాత్రం 3.3 రెట్లవుతుంది. ముందుగా పసుపుబారి, తర్వాత నల్లబడి, మెత్తబడేది బల్బు వెనుక ఉండే ప్లాస్టిక్ హోల్డరు. పిన్నులు వదులై ఉంటే అక్కడ నిరోధం పెరిగి వేడి ఇంకా ఎక్కువవుతుంది. హెడ్‌లైటు కరెంటు నేరుగా స్విచ్చు గుండా పోయే పాత కార్లలో స్టీరింగు పక్కనున్న స్విచ్చు లోపలి భాగాలు కాలిపోతాయి.

ఫ్యూజు ఇక్కడ కాపలాదారు. ఫ్యూజు పదేపదే పోతోందని 10 ఆంపియర్ల ఎర్ర ఫ్యూజు తీసి 20 ఆంపియర్ల పసుపు ఫ్యూజు పెట్టడం, లేదా రాగి తీగ చుట్టడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పని. ఆపై కరెంటు హద్దు మీరితే కరగడానికి ఫ్యూజు ఉండదు, డ్యాష్‌బోర్డు వెనుక పోయే వైరే కరుగుతుంది. అక్కడ అంటుకున్న నిప్పు కంటికి కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

రెండో దెబ్బ దీపానికి. ప్రతిఫలకం మీది వెండి లాంటి పూత వేడికి పొరలు లేస్తుంది. ఒకసారి పూత పోయాక ఏ బల్బు వేసినా వెలుతురు రాదు. 5 వాట్ల చోట 10 వాట్ల బల్బు వేస్తే కారు లోపలి లైటు మీది ప్లాస్టిక్ మూత వంకరపోతుంది.

మూడోది, ఆశించినంత వెలుతురు రాకపోవడం. రెండు డిమ్ లైట్లకూ ఉమ్మడిగా ఉన్న వైరింగులో మొత్తం 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుందాం. రెండు 55 వాట్ల బల్బులకు 9.2 ఆంపియర్లు పోతున్నప్పుడు దారిలో సుమారు 0.9 వోల్టు నష్టమవుతుంది. రెండు 100 వాట్ల బల్బులు వేస్తే ఆ నష్టం 1.7 వోల్టుల దగ్గరికి వెళ్తుంది. పెంచిన వాటేజీలో కొంత భాగాన్ని బల్బుకు చేరకముందే వైరు వేడిగా మింగేస్తుంది.

నాలుగోది ఎదుటివారికి జరిగే హాని. డిమ్ లైటు కూడా వెలుతురు ఆగవలసిన గీతకు పైన కొద్దిపాటి కాంతి చిమ్ముతుంది. బల్బు బలం పెరిగితే ఆ చెదురు కాంతి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఎదురుగా స్కూటరు మీద వచ్చే మనిషికి రెండు మూడు క్షణాలు కళ్లు చీకట్లు కమ్మితే, ఆ క్షణాల్లో అతని బండి గుడ్డిగానే సాగుతుంది. వెనుక లైటులో 5 వాట్ల చోట 21 వాట్లు వేయడమూ ఇలాంటిదే. మామూలు లైటుకూ బ్రేక్ లైటుకూ తేడా పోయి, ముందున్న కారు ఆగుతోందో సాగుతోందో వెనుకవారికి అంతుపట్టదు.

తక్కువ వాట్లు వేస్తే

తక్కువ వాటేజీ వల్ల మంటలు పుట్టవు, కానీ సంకేతం చచ్చిపోతుంది. ఇండికేటరులో 21 వాట్ల బదులు 5 వాట్ల బల్బు వేస్తే ఎండలో అది వెలిగినట్టే కనబడదు. పైగా ఇండికేటరు టకటకా వేగంగా కొట్టుకుంటుంది. కరెంటు తగ్గడాన్ని ఫ్లాషరు గమనించి ఒక బల్బు పోయిందని అనుకోవడమే దీనికి కారణం. నిజంగా బల్బు పోయినప్పుడు డ్రైవరుకు తెలియడానికి పెట్టిన ఏర్పాటది. కొత్త కార్లలో లైట్లను నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె కూడా ప్రతి బల్బు కరెంటును గమనిస్తూ ఉంటుంది. కరెంటు తక్కువైతే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక చూపిస్తుంది, మరీ ఎక్కువైతే ఆ లైటునే ఆపేయవచ్చు.

వాట్లు పెంచకుండా వెలుతురు

హెడ్‌లైటు మసకబారడానికి బల్బు బలహీనత కారణం కానే కాని సందర్భాలు ఎన్నో ఉన్నాయి. వాటిని వరుసగా చూడాలి.

మొదట అద్దం. ఇప్పటి హెడ్‌లైట్ల మూత పాలీకార్బనేట్ ప్లాస్టిక్‌తో చేసింది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు అది పసుపుబారి మసకబారుతుంది. ఏడాది పొడవునా ఆరుబయట నిలిపే కార్లలో ఇది త్వరగా జరుగుతుంది. మెరుగు పెట్టించి పైన రక్షణ పూత వేయిస్తే చాలా తేడా కనబడుతుంది.

తర్వాత ఎర్త్ కనెక్షన్. తుప్పు పట్టిన ఎర్త్ పాయింటు, వదులైన పిన్ను వోల్టేజీని తినేస్తాయి. ఇంజిన్ నడుస్తుండగా లైటు వేసి, బ్యాటరీ దగ్గరా బల్బు పిన్నుల దగ్గరా మీటరుతో వోల్టేజీ కొలిస్తే తేడా తెలిసిపోతుంది. తేడా ఒక వోల్టు ఉంటే జబ్బు బల్బుది కాదు. లైటు కరెంటు స్విచ్చు గుండా పోయే పాత కార్లకు రిలే పెట్టి, బ్యాటరీ నుంచి తగిన మందం గల వైరును ఫ్యూజుతో సహా నేరుగా లాగితే అదే 60/55 బల్బు కొత్తదానిలా వెలుగుతుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఆటో ఎలక్ట్రీషియన్లకు ఇది కొత్త పని కాదు. 100/90 బల్బు అడిగే బదులు ఈ పని చేయించుకోవడం మేలు.

మూడోది దీపం కోణం. వెలుతురు గీత ఎక్కువ కిందికి దిగి ఉంటే దారి కనబడదు, పైకి లేస్తే ఎదుటివారికి ఇబ్బంది. నాలుగోది బల్బు వయసు. హాలోజన్ బల్బు మాడిపోయే లోపే క్రమంగా వెలుతురు కోల్పోతుంది. ఒకవైపుది పోతే రెండోది కూడా దాని ఈడుదే కాబట్టి రెండూ కలిపి మార్చడం మంచిది. అదే వాటేజీలో మరింత వెలుతురు ఇస్తామనే ప్రత్యేక హాలోజన్ బల్బులూ ఉన్నాయి. వాటిలో ఫిలమెంటును మరింత వేడిగా మండిస్తారు కాబట్టి ఆయుష్షు తగ్గుతుంది.

ఎల్ఈడీ, జెనాన్ బల్బులు

ఎల్ఈడీ బల్బు పెట్టె మీది వాటేజీని హాలోజన్ వాటేజీతో పోల్చకూడదు. ఎల్ఈడీ తక్కువ వాట్లతో ఎక్కువ వెలుతురు ఇస్తుంది కాబట్టి వైరింగుకు భారం ఉండదు. అసలు సమస్య ఆ వెలుతురు పుట్టే చోటు. హాలోజన్ దీపం ప్రతిఫలకాన్ని సన్నని ఫిలమెంటు ఉండే ఒక కచ్చితమైన బిందువు ఆధారంగా మలిచారు. ఎల్ఈడీ చిప్పులు ఆ చోట లేకపోయినా, ఆకారం వేరైనా కాంతి చెదిరిపోతుంది. దగ్గర రోడ్డు తెల్లగా మెరిసి డ్రైవరుకు తృప్తిగా ఉంటుంది, దూరం చీకటిగానే మిగులుతుంది, ఎదుటివారి కళ్లు చెదురుతాయి. హాలోజన్ గూటిలో జెనాన్ గొట్టం పెట్టినా ఇదే ఫలితం. తయారీలోనే ఎల్ఈడీ లేదా జెనాన్ కోసం మలిచిన దీపాల సంగతి వేరు.

ఇండికేటరులో ఎల్ఈడీ వేస్తే కరెంటు తక్కువై అది వేగంగా కొట్టుకుంటుంది. కొందరు దీనికి 6 ఓమ్‌ల నిరోధకాన్ని జతచేస్తారు. అది 12 వోల్టుల దగ్గర 24 వాట్లను ఉత్త వేడిగా ఖర్చు చేస్తుంది కనుక ప్లాస్టిక్‌కు తగలకుండా లోహం మీద బిగించాలి. 21 వాట్ల మామూలు బల్బే ఉంచుకుంటే ఈ తంటా లేదు.

చట్టం

భారతదేశంలో 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం దీపాల కాంతిని కిందికి మళ్లించడం గురించి చెబుతుంది. దీపానికి 8 మీటర్ల దూరంలో, వాహనం కుడి అంచుకు అర మీటరు పక్కగా, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కళ్లున్న మనిషికి ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించినప్పుడు చేర్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని విధంగా వాహనంలో మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి డిమ్ లైటు ఎడమవైపే కాస్త పైకి లేచి రోడ్డు అంచును చూపాలి. కుడివైపు నడిచే దేశాల కోసం చేసిన దీపాలు ఇక్కడ ఎదుటివారి కళ్లలోకి కొడతాయి.

బల్బు మార్చేటప్పుడు

ముందు లైట్లు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగాలి. హాలోజన్ బల్బు గాజు కొన్ని వందల డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. ఆ గాజును వట్టి వేళ్లతో ముట్టుకుంటే చర్మంలోని జిడ్డు అంటి, వేడెక్కినప్పుడు అక్కడే గాజు దెబ్బతింటుంది. పాదం దగ్గర పట్టుకోవాలి. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. హోల్డరు నల్లబడి ఉంటే కొత్త బల్బుకన్నా ముందు దాన్ని మార్చాలి. పాత బల్బూ కొత్త బల్బూ పక్కపక్కన పెట్టి రకం, వోల్టులు, వాట్లు సరిపోల్చాలి. ఆ రాతను యజమాని పుస్తకంలోని పట్టికతోనూ సరిచూసుకోవాలి.

బిగించాక చదునైన నేల మీద, గోడకు కొన్ని మీటర్ల దూరంలో కారు నిలిపి డిమ్ లైటు వేసి చూడాలి. రెండు దీపాల గీతలూ ఒకే ఎత్తులో, దీపం మధ్యభాగం కన్నా కొద్దిగా కింద పడాలి. బల్బు హోల్డరులో వంకరగా కూర్చుంటే ఒకవైపు గీత చెదిరి కనిపిస్తుంది. ఎన్ని వాట్ల బల్బైనా ఆ లోపాన్ని సరిదిద్దలేదు. బల్బును తీసి మళ్లీ సరిగ్గా కూర్చోబెడితే తయారీదారు లెక్కగట్టిన వెలుతురే దారి చూపడానికి చాలుతుంది.